సీసాలో టమాటా పూత

టిష్యూ కల్చర్ అనగానే మన రైతుకు గుర్తొచ్చేవి అరటి మొక్కలు. నిజానికి అరటి కన్నా ఎంతో ముందే టమాటా ప్రయోగశాల సీసాలోకి దిగింది. 1934లో ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫిలిప్ వైట్ టమాటా వేరు కొన కత్తిరించి, లవణాలు, చక్కెర, ఈస్ట్ సారం కలిపిన ద్రవంలో వేశాడు. అది పెరిగింది. పెరిగినదాని కొన తుంచి కొత్త ద్రవంలో వేస్తే మళ్లీ పెరిగింది. ఏళ్ల తరబడి అదే తంతు. కానీ పెరిగిందంతా వేరు మాత్రమే. ఆకు లేదు, కాండం లేదు, ఇక పువ్వు మాట చెప్పాలా!

1951లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ నిట్ష్ ఏకంగా పువ్వునే కోసి సీసాలో పెట్టాడు. పరాగసంపర్కం జరిగిన పూలు చిన్న కాయలయ్యాయి. జరగనివాటికి ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోన్‌ను కృత్రిమంగా కలపాల్సి వచ్చింది. అయితే ఆ పూలు పూసింది మొక్క మీదే.

1957లో శాస్త్రవేత్తలు స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంతో అసలు కిటుకు పట్టారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ అనే మరో హార్మోన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు. 1962లో మురాషిగే, స్కూగ్ తయారుచేసిన పోషక మిశ్రమాన్ని ప్రయోగశాలలు నేటికీ వాడుతున్నాయి. 1973లో ట్రాన్ థాన్ వాన్ పొగాకు కాండపు పలచటి పొరల నుంచే పూలు తెప్పించింది.

పొగాకుకు దగ్గరి చుట్టమే అయినా టమాటా దారి వేరు. దానికి పగటి నిడివితో పెద్దగా పనిలేదు. సుమారు 8 నుంచి 12 ఆకులు వేశాక కాండం కొనే పూగుత్తిగా మారుతుంది, కింది పక్కమొగ్గ ఎదుగుదలను అందుకుంటుంది. అంటే సీసాలో పూయించాలంటే ముందు అన్ని ఆకులు వేసేదాకా మొక్కను నిలబెట్టాలి. ఇరుకు సీసా, చాలీచాలని వెలుతురు. వాటికి తోడు మూత బిగిస్తే మొక్క విడిచే ఇథిలీన్ వాయువు లోపలే పేరుకుని మొగ్గలు రాలతాయి. అందుకే గాలి ఆడే మూతలు పెడతారు, లేదా ఇథిలీన్ పనిని అడ్డుకునే వెండి లవణాలు కలుపుతారు. హార్మోన్ల మోతాదుపై పెట్టే శ్రద్ధలో సగం మూతపై పెట్టినా మేలే. ఇక సీసాలోకి తేనెటీగ రాదు, గాలి వీచదు. పుప్పొడి రాలాలంటే మనిషే పువ్వును కదపాలి.

ఇరుకు సమస్యకు 1989లో ఫ్లోరిడా నుంచి జవాబొచ్చింది. ఇంటి కుండీల కోసం పుట్టించిన మైక్రో టామ్ అనే మరుగుజ్జు రకం 70 నుంచి 90 రోజుల్లో విత్తనం నుంచి పండుదాకా వెళ్తుంది. పరిశోధకులు దాన్ని ఎగరేసుకుపోయారు. 1991లో కాలిఫోర్నియాలో బెట్టీ ఇషిడా ఒక చెర్రీ టమాటా రకం పూలను కాస్త చల్లగా, 16 నుంచి 22 డిగ్రీల మధ్య సీసాలో పెంచితే, అడుగునుండే పచ్చని రక్షకపత్రాలే ఉబ్బి పండులా ఎర్రబడ్డాయి! ఆకులాంటి భాగం పండుగా మారడానికి ఏ జన్యువులు మేల్కొంటాయో వెతికే దారి అలా దొరికింది.

సీసా పూత పరిశోధనకే. అరటికి విత్తనం లేదు కాబట్టి టిష్యూ కల్చర్ మొక్క అవసరమైంది. టమాటా నారు విత్తనంతోనే చవగ్గా వస్తుంది. టిష్యూ కల్చర్ టమాటా మొక్కలంటూ ఎవరైనా ఎక్కువ ధర చెబితే, ఎందుకని అడిగి మరీ కొనండి.