అప్‌గ్రేడ్ తర్వాత వై-ఫై ఎక్కడికి పోయింది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఏళ్ల తరబడి వాయిదా వేసుకుంటూ వచ్చినవాళ్లు కూడా దాంతో కదిలారు. కాస్త కొత్త లాప్‌టాప్‌లు విండోస్ 11కు మారాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 ఒప్పుకోని వాటిలో కొన్ని ఉబుంటుకో లినక్స్ మింట్‌కో మళ్లాయి. అలా మారిన ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "నిన్న రాత్రి దాకా బాగానే ఉంది. అప్‌గ్రేడ్ అయ్యాక వై-ఫై రావడం లేదు."

కార్డు పోయిందనుకొని చాలామంది సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకో, ఊళ్లో రిపేరు షాపుకో పరిగెడతారు. ఆ తొందర వద్దు. నిన్నటిదాకా పనిచేసిన రేడియో చిప్ సాఫ్ట్‌వేర్ మారినంత మాత్రాన కాలిపోదు. దాదాపు ప్రతిసారీ తెగేది చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టంకూ నడుమ ఉన్న సాఫ్ట్‌వేర్ లంకె. అది ఎక్కడ తెగిందో తెలియకుండా ఇంటర్నెట్‌లో కనిపించిన చిట్కాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగిస్తే అసలు లోపం అలాగే ఉండి, కొత్తవి తోడవుతాయి.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. లాప్‌టాప్ వెనక మూత విప్పితే బొటనవేలంత కార్డు, దాని మీద నొక్కి బిగించిన రెండు సన్నని తీగలు కనిపిస్తాయి. ఆ తీగలు సాధారణంగా మడత బందుల గుండా పైకి పాకి తెర అంచున ఉన్న యాంటెన్నాలను చేరతాయి. కార్డు మీది చిప్ 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాలను పంపుతుంది, అందుకుంటుంది. అయితే కరెంటు అందగానే దానంతటది పనిచేయలేదు. చాలా వై-ఫై చిప్‌లలో వాటిని నడిపే ప్రోగ్రాం శాశ్వతంగా ఉండదు. లాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కులోంచి ఒక ఫైలు తీసి చిప్‌లోకి ఎక్కించాలి. దాన్ని ఫర్మ్‌వేర్ అంటాం. ఆ ఎక్కించే పని డ్రైవర్‌ది. ఆపరేటింగ్ సిస్టంలో కీలకభాగమైన కెర్నల్‌కూ చిప్‌కూ మధ్య డ్రైవర్ ఒక దుబాసీ. 'ఈ చానెల్లో విను', 'ఈ ప్యాకెట్ పంపు' అని కెర్నల్ ఇచ్చే ఆదేశాలను ఆ ఒక్క చిప్‌కే అర్థమయ్యే తీరులోకి మార్చి అందిస్తుంది.

అప్‌గ్రేడ్‌లో మారేది కెర్నల్. దాంతో పాటు సరైన డ్రైవర్ రాకపోయినా, డ్రైవర్ వచ్చి దానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు రాకపోయినా చిప్ మూగబోతుంది. ఇంటెల్ కార్డులకు లినక్స్‌లో ఉండే డ్రైవర్ ఫర్మ్‌వేర్‌ను వెర్షన్ అంకెతో సహా అడుగుతుంది. తనకు పనికొచ్చే వెర్షన్లలో ఒక్కటీ డిస్కులో లేకపోతే కెర్నల్ లాగ్‌లో 'ఎర్రర్ -2' అని పడుతుంది. చూడ్డానికి భయపెట్టినా, దాని అర్థం 'అలాంటి ఫైలు లేదు' అని మాత్రమే. ఫైలు తెచ్చి పెడితే సరిపోయే చోట వేలు పోసి కొత్త కార్డు కొనడం ఎంత అనవసరం!

కాబట్టి మొదటి ప్రశ్న: కార్డు సిస్టంకు కనిపిస్తోందా? విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి 'నెట్‌వర్క్ అడాప్టర్స్' కింద చూడాలి. వై-ఫై కార్డు పేరు ఉండి పక్కన పసుపు త్రికోణం ఉంటే కార్డు బతికే ఉంది, డ్రైవర్ దగ్గర తేడా వచ్చింది. అసలు పేరే లేకపోతే 'అదర్ డివైసెస్' కింద 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని అనామకంగా ఉందేమో చూడాలి. అలా ఉందంటే డ్రైవర్ అసలు లేదని అర్థం. ఎక్కడా లేకపోతేనే కార్డు మీద అనుమానపడాలి. అప్పుడు కూడా ముందు విమానం బొమ్మ ఉన్న మీటను, పాత మోడళ్లలో పక్కనుండే చిన్న స్విచ్చిని చూసుకోవాలి. ఆ తర్వాత ఒకసారి 'రీస్టార్ట్' కొట్టాలి. 'షట్‌డౌన్' చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ సదుపాయం ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్, డ్రైవర్ల స్థితి డిస్కులో దాగి, మర్నాడు ఉన్నదున్నట్టు మళ్లీ లేస్తుంది. చిక్కుపడిన డ్రైవర్ కూడా అదే చిక్కుతో లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నిటినీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

డ్రైవర్‌దే లోపమని తేలితే ప్రాపర్టీస్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి పాతదానికి వెళ్లొచ్చు. ఆ బటన్ పనిచేయకపోతే లాప్‌టాప్ కంపెనీ సైటులో మన మోడల్ నంబరు కొట్టి డ్రైవర్ తెచ్చుకోవాలి. విండోస్ 10 కోసం ఇచ్చిన వై-ఫై డ్రైవర్ చాలావరకు విండోస్ 11లోనూ నడుస్తుంది. ఏదీ కుదరకపోతే, అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లోని 'రికవరీ' నుంచి పాత విండోస్‌కు తిరిగి పోవచ్చు. ఆ గడువు దాటితే పాత ఫైళ్లను విండోస్ చెరిపేస్తుంది.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 2015లో విండోస్ 8.1 నుంచి 10కి మారిన కొన్ని లాప్‌టాప్‌లలో వై-ఫై నెట్‌వర్కుల జాబితా మొత్తం మాయమైంది. కార్డు బాగుంది, దాని డ్రైవరూ బాగుంది. కారణం పాత సిస్కో వీపీఎన్ క్లయింట్ లాంటి సాఫ్ట్‌వేర్ అని మైక్రోసాఫ్టే తేల్చింది. వీపీఎన్‌లు, కొన్ని యాంటీవైరస్‌లు వచ్చీపోయే ప్యాకెట్లను తనిఖీ చేసేందుకు డ్రైవర్ పైన తమ ఫిల్టర్‌ను అమరుస్తాయి. కొత్త సిస్టంకు ఆ ఫిల్టర్ సరిపడకపోతే దారంతా మూసుకుపోతుంది. అప్‌గ్రేడ్‌కు ముందు వీపీఎన్ తీసేసి, తర్వాత కొత్త వెర్షన్ వేసుకోవడం క్షేమం.

పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నవాళ్లను ఎక్కువగా ఏడిపించిన చిప్ ఒకటి ఉంది: బ్రాడ్‌కామ్ బీసీఎం43142. పదేళ్ల కిందటి తక్కువ ధర డెల్, హెచ్‌పీ, లెనోవో లాప్‌టాప్‌లు చాలావాటిలో ఇది ఉండేది. బ్రాడ్‌కామ్ 2010 సెప్టెంబరులో కొన్ని చిప్‌లకు సోర్సుతో సహా డ్రైవర్ విడుదల చేసింది. దీనికి మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. కంపెనీ తానే రాసిన 'డబ్ల్యూఎల్' అనే డ్రైవర్ ఒక్కటే గతి. దాని నడిమి భాగం మూసిన పెట్టె, సోర్సు బయటికి ఇవ్వలేదు. కెర్నల్‌ను తాకే పైభాగం మాత్రం సోర్సు రూపంలో ఉంటుంది. ఆ డ్రైవర్‌కు కంపెనీ చివరిసారి కొత్త వెర్షన్ ఇచ్చింది 2015లో. ఆ తర్వాత లినక్స్ కెర్నల్ నాలుగో వరస నుంచి చాలా ముందుకు వెళ్లింది. లోపలి ఏర్పాట్లు ఎన్నో మారాయి. వాటికి తగ్గట్టు పైభాగాన్ని సరిదిద్దుతూ ఆ డ్రైవర్‌ను ఇంకా నడిపిస్తున్నది డెబియన్, ఉబుంటు వంటి పంపిణీల నిర్వాహకులు. ఎవరో అమ్మి లాభం తీసుకున్న వస్తువును వేరెవరో ఇన్నేళ్లుగా బతికించుకొస్తున్నారన్నమాట.

ఇప్పుడు అప్‌గ్రేడ్‌లో ఏం జరుగుతుందో చూడండి. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఈ డ్రైవర్‌ను మన లాప్‌టాప్‌లోనే మళ్లీ కంపైల్ చేస్తుంది. ఎక్కడో ఒక ఫంక్షన్ పేరు మారి ఉంటే కంపైల్ ఆగిపోతుంది. తెర మీద పరుగెత్తే వందల వరసల్లో ఆ ఎర్రర్ కొట్టుకుపోతుంది, మనం గమనించం. రీస్టార్ట్ అయ్యాక వై-ఫై ఉండదు. ఇలాంటప్పుడు లాప్‌టాప్ ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకి వెళ్లి పాత కెర్నల్‌ను ఎంచుకోవాలి. దాంతో వై-ఫై వచ్చేసిందంటే రోగం తేలిపోయింది, తాత్కాలికంగా పనీ జరిగింది. ఆ నెట్‌తోనే బ్రాడ్‌కామ్ డ్రైవర్ ప్యాకేజీని కొత్తది తెచ్చుకోవచ్చు.

కంపైల్ సవ్యంగా అయినా ఇంకో గండం సెక్యూర్ బూట్. సంతకం లేని డ్రైవర్‌ను అది లోపలికి రానివ్వదు. అందుకే డ్రైవర్ ప్యాకేజీ వేసేటప్పుడు సిస్టం ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాతి బూటులో నీలం తెర వచ్చి, ఏదైనా మీట నొక్కమంటూ 10 సెకన్లు లెక్కపెడుతుంది. అక్కడ మీట నొక్కి, 'ఎన్‌రోల్' ఎంచుకొని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. వైరస్ ఏమోనని భయపడి వదిలేస్తే డ్రైవర్ ఉండి కూడా ఎక్కదు.

ఈ చిప్‌తో విసిగిపోయి ఇంటెల్ కార్డు వేసుకుంటానంటే తప్పులేదు. అయితే ఆ కాలపు కొన్ని హెచ్‌పీ, లెనోవో మోడళ్లలో బయాస్ తన జాబితాలో లేని కార్డును ఒప్పుకోదు. అది కనుక్కొన్నాకే కొనాలి.

ఇంకో రకం చిక్కు: కార్డు, డ్రైవర్ బాగానే ఉన్నాయి, పక్కింటి నెట్‌వర్కులు కనిపిస్తున్నాయి, మనది మాత్రం లేదు. ఫోనులో మాత్రం కనిపిస్తోంది. ఇది అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చిన లాప్‌టాప్‌లలో ఎదురయ్యే చిత్రం. 2.4 గిగాహెర్ట్జ్‌లో మనదేశంలో 13 చానెళ్లు వాడతారు, అమెరికాలో సాధారణంగా 11. అమెరికా నిబంధనలతో నడిచే కార్డు 12, 13 చానెళ్లను వినదు. రౌటర్ తనంతట తాను 13కు మారిందో, లాప్‌టాప్‌కు ఆ నెట్‌వర్కు లేనట్టే. రౌటర్‌లో చానెల్‌ను 1, 6, 11లలో ఒకదానికి కట్టేస్తే చాలు.

నెట్‌వర్కు కనిపించి, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవకపోతే భద్రతా పద్ధతిని చూడాలి. 1997లో వై-ఫైతో పాటే వచ్చిన వెప్ రక్షణను 2001కల్లా పరిశోధకులు ఛేదించారు. దాని స్థానంలో 2003లో తాత్కాలికంగా వచ్చిన టీకిప్ కూడా బలహీనమైనదే. 2004 నాటి డబ్ల్యూపీఏ2, 2018 నాటి డబ్ల్యూపీఏ3 ఇప్పటి ప్రమాణాలు. ఎప్పుడో పెట్టిన రౌటర్ ఇంకా వెప్ మీదో టీకిప్ మీదో ఉంటే కొత్త సిస్టం హెచ్చరిస్తుంది, కొన్నిచోట్ల కలవనే కలవదు. తప్పు కొత్త సిస్టంది కాదు. రౌటర్ సెట్టింగ్‌ను డబ్ల్యూపీఏ2-ఏఈఎస్‌కు మార్చుకోవాలి.

కాలేజీలు, కంపెనీల్లో ప్రతి ఒక్కరికీ వేరే యూజర్ పేరు ఉండే వై-ఫైలో ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 చేరింది. పాత పద్ధతిలో మాట్లాడే సర్వర్లను అది తిరస్కరించడంతో చాలా క్యాంపస్‌లలో లాగిన్ ఆగిపోయింది. 2023 డిసెంబరులో విండోస్ 11 అప్‌డేట్ ఒకటి ఇలాంటి నెట్‌వర్కులనే దెబ్బతీసింది, తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. మీ క్యాంపస్‌లో అందరికీ ఒకేసారి వచ్చిన సమస్యకు మీ లాప్‌టాప్ ఫార్మాట్ చేసుకోవడం దండగ. నెట్‌వర్కు చూసేవాళ్లకు చెప్పండి.

హాస్టళ్లలో ప్రతి లాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) నమోదు చేసి నెట్ ఇవ్వడం ఉంటుంది. 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయా గోప్యత కోసం అసలు అడ్రస్ బదులు మారుపేరు లాంటి అడ్రస్ చూపించగలదు. విండోస్‌లోనూ 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' ఉంది. ఆ ఒక్క నెట్‌వర్కు వరకు దాన్ని ఆపేస్తే తలుపు తెరుచుకుంటుంది.

కలిసింది గానీ నెట్ రాదు అన్నప్పుడు ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు అడ్రస్ అందలేదు, తనకు తోచినది పెట్టుకుంది. అడ్రస్ బాగుండి 8.8.8.8కు పింగ్ వెళ్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే లోపం సైట్ల పేర్లకు ఐపీ అడ్రస్ వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌లో ఉంది. ఆ భాగంలో పెద్ద కంపెనీలూ తడబడ్డాయి. 2014 అక్టోబరులో వచ్చిన మ్యాక్ సిస్టం యోసెమిటీలో ఆపిల్ పేర్లు వెతికే పాత ప్రోగ్రాంను తీసి కొత్తది పెట్టింది. నెలల తరబడి ఫిర్యాదులు వచ్చాక 2015 జూన్ 30న 10.10.4 వెర్షన్‌లో పాతదాన్నే మళ్లీ తెచ్చింది.

విండోస్‌లోని 'నెట్‌వర్క్ రీసెట్' బటన్‌ను చాలామంది మొదటే నొక్కేస్తారు. దాన్ని ఆఖరికి ఉంచుకోండి. అది అడాప్టర్లన్నిటినీ తీసి మళ్లీ పెడుతుంది. వీపీఎన్‌ను మళ్లీ మొదటినుంచి అమర్చుకోవాల్సి రావచ్చు.

వీటికన్నిటికీ నెట్ కావాలి కదా, ఆ నెట్టే లేదాయె! దానికి ఆండ్రాయిడ్ ఫోనుంటే చాలు. చార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెదరింగ్' ఆన్ చేయండి. విండోస్‌కు, లినక్స్‌కు ఆ ఫోను ఒక నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, విడిగా డ్రైవర్ అడగదు. కేబుల్ మాత్రం డేటా మోసేదై ఉండాలి.

మీ లాప్‌టాప్‌లో ఇంకా అప్‌గ్రేడ్ బటన్ నొక్కకుండా ఉంటే, ఈ రాత్రి నొక్కకండి. ముందు డివైస్ మేనేజర్‌లో వై-ఫై కార్డు పేరు చూసి కాగితం మీద రాసుకోండి. కంపెనీ సైటు నుంచి దాని డ్రైవర్ తెచ్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. వీపీఎన్ తీసేయండి. రౌటర్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. మర్నాడు పొద్దున పరీక్షో ఇంటర్వ్యూనో లేని రోజు చూసుకొని అప్పుడు నొక్కండి.