డబ్బాలో రంగు, ట్యాంకు మీద పెట్రోలు

పదేళ్లు ఎండకూ వానకూ నిలబడ్డ బండి ఇంజను ఇంకా మొదటి కిక్కుకే లేస్తుంది. కానీ నల్లటి సైడ్ ప్యానెళ్లు బూడిద తిరిగి ఉంటాయి. ట్యాంకు మీద తాళాల గుత్తి గీతలూ, మోకాళ్లు రాసుకున్న చోట వెలిసిన మచ్చలూ ఉంటాయి. టింకరింగ్ షాపులో బండి మొత్తానికి రంగు వేయించే ధర విన్నాక, ఆ డబ్బు ఈ పాత బండి మీద పెట్టాలా అనిపిస్తుంది. పక్కనే హార్డ్‌వేర్ కొట్లో స్ప్రే డబ్బా కొన్ని వందలకే దొరుకుతుంది.

ఆ డబ్బాతో ఇంట్లో మంచి పని చేసుకోవచ్చు, కాకపోతే అన్ని భాగాలకూ కాదు. సైడ్ ప్యానెల్, హెడ్‌లైటు డూమ్, వెనక టెయిల్ ప్యానెల్ వరకూ మామూలు డబ్బా చాలు. పెట్రోలు ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఎందుకో తెలియాలంటే ముందు డబ్బా లోపల ఏముందో చూడాలి.

లోపల ఉండేవి ముఖ్యంగా మూడు. రంగును పట్టి ఉంచే రెసిను, అది పలచగా పారేందుకు థిన్నరు, ఆ రెండిటినీ బయటికి తోసే గ్యాసు. గ్యాసు చాలా డబ్బాల్లో ఎల్పీజీ జాతిదే, అంటే వంటింటి సిలిండర్లో ఉన్నదానికి దాయాది. స్టవ్ వెలిగే చోట, దేవుడి దగ్గర దీపం ఉన్న గదిలో, గ్యాస్ గీజరు పక్కన స్ప్రే చేయకూడదనేది అందుకే. రంగును ఇలా డబ్బాలోకి ఎక్కించినవాడు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఎడ్వర్డ్ సీమోర్. తన అల్యూమినియం రంగును కొనేవాళ్లకు చూపించే సులువైన దారి వెతుకుతుంటే 1949లో భార్య బానీ ఇచ్చిన సలహా అది. ఊపినప్పుడు టకటకలాడే గోళీ అడుగున పేరుకున్న రంగును కలపడానికి. గోళీ కదిలాక కూడా రెండు నిమిషాలు ఊపమని డబ్బాల మీద రాసి ఉంటుంది. ఎవరూ ఊపరు, తర్వాత రంగు తేడా వచ్చిందని కొట్టువాణ్ణి తిడతారు.

మన కొట్లలో ఎక్కువగా దొరికే అక్రిలిక్ డబ్బా రంగు ఆరడమంటే థిన్నరు గాల్లోకి పోవడమే. రెసిను కొత్తగా మారేదేమీ లేదు, పొరగా మిగిలిపోతుందంతే. షోరూం నుంచి వచ్చిన రంగు అలా కాదు. దాన్ని ఫ్యాక్టరీలో వేడి ఓవెన్లలో కాలుస్తారు, రెసిను అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వల అవుతాయి. ఆ వలను థిన్నరు మళ్లీ కరిగించలేదు. ఇంట్లో తేల్చుకోవచ్చు కూడా. కనబడని మూల థిన్నరు తడిపిన గుడ్డతో రుద్దండి. ఫ్యాక్టరీ రంగు గుడ్డకు అంటదు. ఎప్పుడో డబ్బాతోనో, చవక రంగుతోనో వేయించిన బండి అయితే గుడ్డంతా రంగే. ఈ పరీక్ష ఇనుప భాగాల మీదే చేయాలి, ప్లాస్టిక్కును థిన్నరు తినేస్తుంది.

డబ్బా రంగు ఆరడమంటే థిన్నరు పోవడమేనన్న ఈ ఒక్క సంగతి పట్టుకుంటే స్ప్రే పనిలో వచ్చే తప్పులన్నీ దాదాపు అర్థమవుతాయి. థిన్నరు మరీ ముందే పోయినా తప్పే, ఆలస్యంగా పోయినా తప్పే, పోకుండా లోపల ఇరుక్కున్నా తప్పే.

మొదటి తంటా ప్లాస్టిక్ దగ్గరే. ప్యానెల్ విప్పి వెనక్కి తిప్పితే అచ్చులో పోసిన చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఏబీఎస్ అని ఉంటే సంతోషం, దాని మీద రంగు బాగా పడుతుంది. కానీ థిన్నరు గుడ్డతో తుడిస్తే సన్నని పగుళ్లు పడతాయి, అందుకని సబ్బు నీళ్లూ, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలూ చాలు. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్. దానికి ఏదీ అంత తేలిగ్గా అంటుకోదు. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పూత పడకపోతే నెల తిరిగేసరికి రంగు పొట్టులా లేచిపోతుంది. విప్పేటప్పుడు కూడా జాగ్రత్త. చాలా బండ్లలో ప్యానెల్ వెనక ముక్కులు రబ్బరు గుంటల్లో దిగి ఉంటాయి, వంచి లాగితే విరుగుతాయి. నేరుగా బయటికి లాగాలి.

అసలు పని రంగు వేయడానికి ముందే ఉంది. కడగడం ముందు, రుద్దడం తర్వాత. ఈ వరుస తప్పితే పాలిష్‌లో ఉండే సిలికాన్‌ను వాటర్ పేపర్ గీతల్లోకి మనమే కూరినట్టవుతుంది. అప్పుడు రంగు ఆ చోట నిలవకుండా చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. బండిని మెరిపించడానికి ఏళ్ల తరబడి పాలిష్ పూసినవాళ్లకే ఈ బాధ ఎక్కువ. కడిగి ఆరాక, 400 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్లలో నానబెట్టి మెరుపు పోయేదాకా సమంగా రుద్దాలి. పాత రంగు గట్టిగా ఉంటే మొత్తం గీకి లోహం దాకా వెళ్లనక్కర్లేదు, దానికంటే మంచి పునాది మనం వేయలేం. తుప్పు ఉన్న చోట మాత్రం మెరిసే ఇనుము కనిపించేదాకా పోవాలి, ఆ రోజే ప్రైమర్ పడాలి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఒక్క రాత్రి వదిలినా చాలు, ఇనుము ఎర్రబడుతుంది.

సన్నని గీతలకు వాడే ట్యూబు పుట్టీ కూడా థిన్నరు పోతేనే ఆరుతుంది. మందంగా పెడితే పైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటుంది. రంగు వేసిన కొన్ని వారాలకు కుంగి, పూడ్చిన గీత మళ్లీ తేలుతుంది. పెద్ద సొట్టకు హార్డెనర్ కలిపే పుట్టీయే వాడాలి. ప్రైమర్ ఆరాక 600, ఆపైన 800 నంబరు పేపర్‌తో నీళ్లు పెట్టి నునుపు చేయాలి. ప్రైమర్ నీళ్లు పీలుస్తుంది కాబట్టి బాగా ఆరనివ్వాలి, లేకపోతే ఎండ తగిలిన రోజున పొక్కులు వస్తాయి.

స్ప్రే చేసే పద్ధతి చెప్పడం తేలిక, చేతికి రావడానికే టైం పడుతుంది. డబ్బా ముక్కుకూ ప్యానెల్‌కూ మధ్య జానెడు కంటే కొంచెం ఎక్కువ, 25 సెంటీమీటర్ల దూరం. చేయి కదలడం మొదలయ్యాకే, ప్యానెల్ అంచు బయటే మీట నొక్కాలి, అవతలి అంచు దాటాకే వదలాలి. ఒక్కో వరుస ముందుదాని సగాన్ని కప్పుతూ పోవాలి. మణికట్టు తిప్పితే మధ్యలో మందం, చివర్లలో పలచన. మొదటి పూత పొగలా చల్లినట్టు పడాలి. అది చూసి చాలామందికి కంగారు పుడుతుంది, పాత రంగు కనబడుతూనే ఉంది కదా అని మళ్లీ కొడతారు, రంగు కారుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. ఆ విరామం థిన్నరు వెళ్లిపోవడానికి. తొందరపడితే పాల మీద మీగడ కట్టినట్టు పైపొర బిగుసుకుంటుంది, కింద ఇరుక్కున్న థిన్నరు బుడగలుగా తన్నుకొస్తుంది.

పసుపు, ఎరుపు రంగులు కింది రంగును సరిగా కప్పవు, వాటికి తెల్లటి ప్రైమర్ పునాది మేలు. మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేకులుంటాయి. తడిగా పడిన చోట అవి మునిగి ముదురుగా, పొడిగా పడిన చోట పైనే నిలిచి లేతగా కనిపిస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు మెటాలిక్ జోలికి పోవద్దని నా మాట. మెరిసే నలుపు తేలికనుకుంటారు గానీ, కింద ఉన్న ప్రతి గీతనూ అది బయటపెడుతుంది.

ఇక వాతావరణం. మే నెల మధ్యాహ్నం ఖమ్మంలోనో, రామగుండంలోనో మిద్దె మీద స్ప్రే చేస్తే రంగు ప్యానెల్‌ను చేరేలోపే థిన్నరు ఎగిరిపోతుంది. పడేది తడి రంగు కాదు, సగం ఆరిన పొడి. చేత్తో తడిమితే ఇసుకలా గరుగ్గా తగులుతుంది. వానాకాలంలో దీనికి వ్యతిరేకం. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రంగులోని వేడిని లాక్కుపోతుంది. ప్యానెల్ చల్లబడి, గాల్లోని తేమ కంటికి కనబడనంత చిన్న చుక్కలుగా తడి రంగు మీద దిగుతుంది, నల్లరంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది. మనకు కలిసొచ్చేవి చలికాలపు ఉదయాలు, మంచు విడిపోయి ఎండ ఇంకా ముదరని రెండు మూడు గంటలు. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. సాయంత్రం లైటు వేసుకుని మాత్రం కూర్చోకండి, తడి రంగు మీద పురుగులు వాలతాయి.

ఎనామెల్ డబ్బాలది వేరే లెక్క. అవి గాల్లోని ఆక్సిజన్‌ను తీసుకుని రోజుల తరబడి గట్టిపడతాయి. సగం గట్టిపడ్డ దశలో ఇంకో పూత వేస్తే కొత్త థిన్నరు కిందికి దిగి పొరను ఉబ్బిస్తుంది, రంగంతా ముడతలు పడుతుంది. ‘గంటలోపు, లేదా రెండు రోజుల తర్వాత’ అన్న తరహా షరతు డబ్బా మీద కనబడితే కారణం ఇదే. ఒకే కంపెనీ, ఒకే రకం ప్రైమర్, రంగు, పైన వేసే పారదర్శక పూత (క్లియర్) కొనడం అన్నిటికన్నా చవకైన జాగ్రత్త.

రంగు ఎంచుకునే ముందు ఆర్‌సీ ఒకసారి చూడండి. అందులో బండి రంగు రాసి ఉంటుంది. అదే రంగు మళ్లీ వేస్తే పేచీ లేదు. మార్చాలనుకుంటే రవాణా శాఖలో ముందే అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బుల్లెట్ ఉన్నవాళ్లకు మిలిటరీ ఆకుపచ్చ మీద మోజు ఎక్కువ. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వది ఆలివ్ గ్రీన్ రంగును రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసింది, దాన్ని వేసుకోవడం కుదరదు.

ఇప్పుడు ట్యాంకు. థిన్నరు కరిగించగలిగిన పొరను పెట్రోలు కూడా మెత్తబరచగలదు. మామూలు డబ్బా క్లియర్ ఎన్ని పూతలు వేసినా, మూత దగ్గర ఒలికిన పెట్రోలు నిలిస్తే అది జిగటవుతుంది, తుడిస్తే రంగు గుడ్డకొస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అదీ ఒక ద్రావకమే. దీన్ని ఆపేది టూకే క్లియర్ ఒక్కటే. అందులో రెసినూ హార్డెనరూ కలిసి ఫ్యాక్టరీ రంగులాగే వల కడతాయి. ఇది డబ్బాగానూ దొరుకుతుంది. అడుగున ఉన్న పిన్ను నొక్కితే లోపలి హార్డెనర్ విడుదలవుతుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో డబ్బా వాడేయాలి, లేకపోతే లోపలే గట్టిపడుతుంది.

కానీ ఆ హార్డెనర్లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి తుంపరలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. కోవిడ్ నాటి గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు, ఎన్95 కూడా ఆవిరిని ఆపదు. మామూలు డబ్బాకైనా ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని ఆరుబయట చేయడం మంచిది. టూకేకి బయటి నుంచి గాలి అందించే మాస్కే సరైనది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, పక్కింటి పిల్లలు ఆడుకుంటుండగా టూకే కొట్టే పని నేనైతే ఒప్పుకోను. రుద్దడం, ప్రైమర్, రంగు ఇంట్లో చేసుకుని, బాగా ఆరిన ట్యాంకును పెయింటింగ్ షాపుకు తీసుకెళ్లి క్లియర్ ఒక్కటీ గన్నుతో వేయించుకోవడం మధ్యేమార్గం. కింద ఏ రంగు ఉందో పెయింటరుకు ముందే చెప్పాలి. ‘నీ రంగుకు నాది గ్యారంటీ లేదు’ అంటాడు, అది న్యాయమే.

ట్యాంకు విప్పేటప్పుడు పెట్రోలంతా తీసేసినా లోపల ఆవిరి మిగిలే ఉంటుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే పేలడానికి అనువు. గ్రైండర్, హీట్ గన్ దాని దగ్గరికి రాకూడదు.

ముట్టుకుంటే అంటనంత మాత్రాన రంగు గట్టిపడినట్టు కాదు. గోరు గుచ్చితే అచ్చు పడనంత గట్టిదనం రావడానికి వారం పైనే పడుతుంది. ఈలోగా రబ్బింగ్ కాంపౌండ్ పట్టుకోవద్దు, షాంపూ వాష్‌కు ఇవ్వద్దు. చాలామంది కొత్త రంగుకు గీతలు పడకూడదని రెక్సిన్ ట్యాంకు కవరు వెంటనే తొడిగేస్తారు. అది థిన్నరును బయటికి పోనివ్వదు, ఎండలో రంగుకు అతుక్కుంటుంది, తీసినప్పుడు దాని కుట్లు, గీతలు ట్యాంకు మీద అచ్చుపడి ఉంటాయి. కవరు తప్పదనుకుంటే నెల ఆగి తొడగండి. అప్పటిదాకా బంకులో మూత చుట్టూ ఒక గుడ్డ వేసి పోయించుకోవడమే.