అరువు రెజ్యూమెతో కొలువు దక్కేనా?

జాబ్‌ మేళా రోజున ఉదయం కళాశాల ఎదుటి జిరాక్స్‌, నెట్‌ సెంటర్లలో కాలు పెట్టేందుకు చోటుండదు. అప్పటికప్పుడు రెజ్యూమె కావాలంటూ వచ్చే అభ్యర్థులకు నిర్వాహకుడు కంప్యూటర్‌లో ఉన్న పాత నమూనానే తెరిచి, పేరు, ఊరు, మార్కులు మార్చి ప్రింటు తీసి ఇస్తాడు. నియామకాధికారి బల్లపైకి చేరే కాగితాల్లో చాలావరకు కవల పిల్లల్లా ఉండటానికి కారణమిదే. సంస్థ అభివృద్ధికి పాటుపడతానన్న మొదటి వాక్యం నుంచి వివరాలన్నీ నిజమేనన్న చివరి హామీ వరకు ఆంగ్లంలో అవే మాటలు. వందల కాగితాలు తిరగేసే అధికారి ఒక్కోదానికి కేటాయించేది కొద్ది క్షణాలే. ఆ వ్యవధిలో ఆయన వెతికేది అభ్యర్థి ఏం చేయగలడన్నది. తండ్రి పేరు, మతం, క్రికెట్‌ చూడటమనే అభిరుచి కాదు.

చేసిన పని చెప్పుకోరేం?

చేసిన పనిని పనిగా లెక్కించకపోవడం గ్రామీణ విద్యార్థుల్లో తరచూ కనిపించే లోపం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరినవారి నుంచి 10 నెలల ఇంటర్న్‌షిప్‌ తప్పనిసరి చేశారు. మొదటి సంవత్సరం తర్వాత చేసే సామాజిక సేవా ప్రాజెక్టు అందులో భాగమే. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి నివేదిక రాసిన విద్యార్థి సైతం రెజ్యూమెలో ‘ప్రాజెక్టు పూర్తయింది’ అన్న ముక్కతో సరిపెడుతున్నాడు. ఎన్ని ఇళ్లు తిరిగారు, ఏ అంశంపై వివరాలు సేకరించారు, వాటిని ఎక్సెల్‌లో ఎలా క్రోడీకరించారన్నది రాస్తే అదే అనుభవమవుతుంది. తల్లి సభ్యురాలిగా ఉన్న డ్వాక్రా సంఘం పుస్తకాలు రెండేళ్లుగా రాస్తున్న బీకాం విద్యార్థిని, సెలవుల్లో ఎరువుల దుకాణంలో బిల్లులు, స్టాకు చూసిన యువకుడు ఆ సంగతి దాచుకోవడం అర్థంలేని బిడియం. సూక్ష్మరుణ సంస్థల ప్రతినిధులకు మార్కుల శాతం కన్నా పనికివచ్చే సమాచారమది.

అన్ని కొలువులకూ ఒకే కాగితం చెల్లదు. ఔషధ పరిశ్రమలో ఉద్యోగానికైతే ప్రయోగశాలలో వాడిన పరికరాల పేర్లు ముందుండాలి. అదే బీఎస్సీ అభ్యర్థి మందుల విక్రయ ప్రతినిధి పోస్టుకు వెళితే తెలిసిన భాషలు, ద్విచక్ర వాహన లైసెన్సు ముందుకు రావాలి.

పెద్ద సంస్థల్లో ఆన్‌లైన్‌ దరఖాస్తులను తొలుత సాఫ్ట్‌వేర్‌ వడపోస్తుంది. రంగుల గళ్లు, పట్టికలు ఉంటే అది తడబడవచ్చు. కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపితే అసలుకే మోసం. ప్రకటనలో వాడిన పదాలు అభ్యర్థికి నిజంగా వర్తిస్తే వాటినే రాయడం మేలు. ఇంటిపేరు, పేరు పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్లే ఉండాలి.

డబ్బు తీసుకుని దొంగ అనుభవ పత్రాలు ఇచ్చే దళారులూ ఉన్నారు. భవిష్యనిధి చందాదారులకు 2014 నుంచి ఇస్తున్న యూఏఎన్‌ కింద ఎవరు ఏ సంస్థలో ఎప్పుడు చేరి, ఎప్పుడు వైదొలిగారో నమోదవుతుంది. ఆ వివరాలు చూపమని అడిగే సంస్థలున్నాయి. అక్కడ పట్టుబడితే చేరిన ఉద్యోగమూ ఊడుతుంది. బ్యాక్‌లాగ్‌ సబ్జెక్టులు దాచినా అంతే.

రీఛార్జి ఆఫర్ల కోసం సిమ్‌ మార్చేవారు ఇంట్లో ఎప్పుడూ పనిచేసే మరో నంబరు కూడా ఇవ్వాలి. ఫోన్‌ కలవకపోతే జాబితాలోని తర్వాతి పేరుకు పిలుపు వెళుతుంది.