ఒకే పాట – ఎన్నో రికార్డులు

ధర్మవరంలో పట్టుచీర బేరమాడే అనుభవశాలి చీరను ముందువైపు చూసి ఊరుకోదు. కొంగు తిరగవేసి వెనుకవైపు చూస్తుంది. జరీని వేలితో తడుముతుంది. ఒకే రంగు, ఒకే బుటా ఉన్నంత మాత్రాన రెండు చీరలూ ఒకటే కావని ఆమె ఎరుగును. పాటల విషయంలో ఇంతటి జాగ్రత్త సామాన్యంగా కనబడదు. “ఘంటసాల పద్యమే గదా, ఎక్కడ విన్నా ఒకటే” అనుకొంటారు. ఇది నిజం కాదు. ఒకే పాట గ్రామఫోను రికార్డుగా, లాంగ్ ప్లే రికార్డుగా, కేసెట్టుగా, కాంపాక్ట్ డిస్కుగా, సెల్‌ఫోనులో వినే పాటగా వెలువడేటప్పుడు ప్రతి మజిలీలోనూ ఎంతో కొంత మారుతుంది. ఆ మార్పులను పసిగట్టడానికి చెవితోపాటు కొంత భౌతికశాస్త్ర పరిజ్ఞానం కూడా అవసరం.

గుంతకల్లు – బెంగళూరు రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) పాడిన ఒక పద్యం ఈ మూడు ఊళ్లలోనూ మూడు రూపాలలో దొరికిందని అనుకొందాం. హిందూపురంలో ఒక ఇంటి అటకమీద నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఉన్నది. పెనుకొండలో ఒకరి దగ్గర కేసెట్టు ఉన్నది. ధర్మవరంలో ఒక కుర్రవాడు అదే పద్యాన్ని సెల్‌ఫోనులో వింటూ నేర్చుకొంటున్నాడు. ముగ్గురూ ఒకచోట చేరి ఒకదాని తరువాత ఒకటిగా వినగా, కేసెట్టులోని గొంతు సన్నగానూ చురుకుగానూ వినిపించింది. రికార్డులోని గొంతు గంభీరంగా ఉన్నది. సెల్‌ఫోనులోని గొంతు నున్నగా ఉన్నది గాని, అక్షరాలు కొంచెం మొద్దుబారినట్లు తోచాయి. గాయకుడు నిజంగా పాడినది ఏది?

శ్రుతికీ వేగానికీ గల సంబంధం

ధ్వని అంటే గాలిలో కలిగే కంపనం. రికార్డుమీది గాడిలో ఈ కంపనాలు వంపులుగా చెక్కబడి ఉంటాయి. ముల్లు ఆ వంపుల వెంట నడిచినప్పుడు కంపనం తిరిగి పుడుతుంది. రికార్డు త్వరగా తిరిగితే ముల్లు క్షణానికి ఎక్కువ వంపులు దాటుతుంది, శ్రుతి పెరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే శ్రుతి తగ్గుతుంది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులో స్ప్రింగు బిగువు సడలేకొద్దీ పాట కిందికి జారడం పెద్దవారికి తెలిసిన సంగతే.

వేగం నూటికి ఆరు వంతులు పెరిగితే శ్రుతి దాదాపు అర మెట్టు పెరుగుతుంది. అనగా ఒకటిన్నర శ్రుతిలో పాడిన పద్యం రెండు శ్రుతికి చేరుతుంది. అదే సమయంలో పాట నిడివి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 3 నిమిషాల 20 సెకన్ల పద్యం 3 నిమిషాల 9 సెకన్లకు వస్తుంది. ఈ ఒక్క సూత్రంతో ఎన్నో చిక్కులు విడిపోతాయి.

రెండు ప్రతులలో శ్రుతి, నిడివి రెండూ ఒకే నిష్పత్తిలో తేడాపడితే, యంత్రం వేగంలో తప్పు ఉన్నట్లు. శ్రుతి సమానంగా ఉండి నిడివి మాత్రమే తగ్గితే, పాటలో ఏదో భాగం కోసివేశారని అనుమానించాలి. నిడివి మారకుండా శ్రుతి మాత్రమే మారితే, అది పాత యంత్రాలవల్ల జరిగే పని కాదు. కంప్యూటరుతో చేసిన మార్పు. శ్రుతి, నిడివి, గమకాలు ఏవీ ఒకదానితో ఒకటి పొసగకపోతే అవి ఒకే పాటకు ప్రతులే కావు. గాయకుడు రెండుసార్లు పాడినవి.

అయితే తప్పు వేగం కేసెట్టుదా, రికార్డుదా? దీనికి ఒక సులభమైన పరీక్ష కలదు. ఒక గుండ్రని కాగితంమీద అంచు చుట్టూ సమాన దూరంలో 77 నల్లని గీతలు గీసి, తిరుగుతున్న రికార్డుమీద ఉంచాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కలది కాబట్టి, దానితో వెలిగే పాతరకం ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఆ వెలుగులో గీతలు కదలకుండా నిలిచినట్లు కనబడితే, రికార్డు నిమిషానికి 77.92 చుట్లు తిరుగుతున్నదన్నమాట. నిమిషానికి 6000 మినుకులను 77తో భాగిస్తే వచ్చే సంఖ్య ఇదే. గీతలు ముందుకు పాకితే వేగం ఎక్కువ. వెనుకకు పాకితే తక్కువ. 1920ల తరువాతి రికార్డులకు ఈ కొలత సామాన్యంగా సరిపోతుంది. అంతకు పూర్వపు రికార్డులు కొన్ని 70కి దగ్గరగానూ, కొన్ని 80కి పైగానూ తిరగవలసినవి. వాటిని ఈ పరీక్షతో తేల్చరాదు.

రికార్డు ఒడిలోని అంకెలు

రికార్డు మధ్యనున్న కాగితపు చీటీమీద పాట పేరు, గాయకుని పేరు, జాబితా సంఖ్య ఉంటాయి. ఈ చీటీని పూర్తిగా నమ్మరాదు. 1949లో వచ్చిన హిందీ చిత్రం ‘మహల్’ పాట తొలి రికార్డుమీద లతా మంగేష్కర్ పేరుకు బదులు, చిత్రంలోని పాత్ర పేరు ‘కామిని’ అని అచ్చు వేశారు. చీటీకీ గాడులకూ మధ్య నున్నగా ఉండే భాగంలో చెక్కిన చిన్న సంఖ్య మరింత విలువైనది. దానిని మాత్రికాసంఖ్య అనవచ్చు.

పూర్వం గాయకుడు పాడిన ధ్వనిని మైనపు పళ్లెంమీద చెక్కేవారు. దానికి విద్యుత్తుతో లోహపు పూత పూసి అచ్చు తీసేవారు. ఆ అచ్చునుంచి మరొక అచ్చు, దానినుంచి ముద్రవేసే అచ్చు తయారయ్యేవి. లక్క, రాతిపొడి, మసి కలిపిన వేడి ముద్దమీద దానితో ఒత్తితే రికార్డు వచ్చేది. మాత్రికాసంఖ్య ఆ మొదటి ముద్రణకు పెట్టిన గుర్తు. చీటీ రంగు మారినా, జాబితా సంఖ్య మారినా, మాత్రికాసంఖ్య ఒకటే అయితే పాడిన పాట ఒకటే.

‘పాతాళభైరవి’ (1951), ‘దేవదాసు’ (1953), ‘మాయాబజార్’ (1957) చిత్రాలు తెలుగులోనూ తమిళంలోనూ తయారయ్యాయి. రెండింటిలోనూ ఘంటసాల పాడాడు. వరుస ఒకటే అయినా అవి వేర్వేరుగా పాడిన పాటలు. వాటిలో ఒకదాని శ్రుతినిబట్టి మరొకదానిని దిద్దబోవడం తప్పు. చిత్రంలో వినబడే పాటకూ రికార్డుమీది పాటకూ తేడా ఉండడానికి మరొక కారణం కూడా ఉన్నది. 78 చుట్ల రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు మూడు, మూడున్నర నిమిషాలు మాత్రమే పట్టేది. పొడవైన పాటను కుదించడమో, రెండు వైపులా విడదీయడమో తప్పేది కాదు. 1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చినప్పుడు గాని ఈ కట్టడి సడలలేదు.

బుసతోపాటు పోయే అక్షరాలు

ఇక సెల్‌ఫోనులోని ప్రతి సంగతి. పాత రికార్డులో ముల్లు రాపిడివల్ల బుస వినబడుతుంది. దానిని కంప్యూటరుతో తొలగించవచ్చు. కాని ఈ బుస చెవికి ఎక్కువగా తగిలేది సెకనుకు కొన్నివేల కంపనాలు గల ప్రాంతంలో. శ, ష, స అనే అక్షరాలకు ప్రాణం ఇచ్చే ధ్వనులు కూడా సరిగా ఆ ప్రాంతంలోనే ఉంటాయి. బుసను మితిమీరి తుడిచివేస్తే ఈ మూడు అక్షరాల భేదం కూడా చెరిగిపోతుంది. తంబురాలోని సన్నని అనుస్వరాలు కూడా వాటి వెంటనే పోతాయి.

ఘంటసాల తన చివరి కాలంలో పాడిన భగవద్గీత విషయంలో ఇది చిన్న సంగతి కాదు. సంస్కృత శ్లోకాల ఉచ్చారణను ఆ గొంతువెంట నేర్చుకొన్న తెలుగువారు అసంఖ్యాకులు. లాంగ్ ప్లే రికార్డుగా వచ్చిన ఆ గానం ఆ పిమ్మట కేసెట్టులలోనూ డిస్కులలోనూ ఇంటింటికీ చేరింది. ‘శ’కారం మొద్దుబారిన ప్రతిని విని నేర్చిన పిల్లవాడు, తప్పు యంత్రానిదని ఎరుగడు, గాయకుడు అట్లాగే పలికాడనుకొంటాడు.

పోల్చేటప్పుడు మరొక మోసం కూడా జరుగుతుంది. రెండు ప్రతులలో ఏది కొంచెం బిగ్గరగా మోగితే అదే బాగున్నదని చెవికి తోస్తుంది. కాబట్టి ముందుగా రెండింటి బిగ్గరతనాన్ని సమానం చేయాలి. ఏది ఏదో తెలియకుండా మరొకరిచేత మార్చి మార్చి వినిపింపజేసుకోవడం ఇంకా మంచిది.

ఎండ, దుమ్ము, స్పిరిటు

దేశంలో వర్షం తక్కువగా కురిసే ప్రాంతాలలో అనంతపురం సీమ ఒకటి. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నందున కొంత చల్లగా ఉంటుంది. పల్లపు ధర్మవరంలో వేసవి తాపం అంతకు మించుతుంది. రేకుల కప్పు కింద అటకమీద పెట్టిన రికార్డు మెత్తబడి వంకరపోతుంది. పరుండబెట్టి పేర్చితే కింది వాటిపై బరువు పడి వంపు మరీ ఎక్కువవుతుంది. అందుచేత వాటిని పుస్తకాలవలె నిటారుగా, గోడ వేడి తగలనిచోట నిలపాలి.

తుడిచేటప్పుడు ఒక హెచ్చరిక: 78 చుట్ల లక్క రికార్డును స్పిరిటుతో ఎన్నడూ తుడువరాదు. లక్క స్పిరిటులో కరుగుతుంది. ఒక్క తుడుపుతో గాడులు పాడవుతాయి. లాంగ్ ప్లే రికార్డులు వినైల్ అనే ప్లాస్టిక్కుతో చేసినవి కాబట్టి వాటి స్వభావం వేరు. ముల్లు కూడా ఒకటే పనికిరాదు. 78 చుట్ల రికార్డు గాడి వెడల్పు. లాంగ్ ప్లే గాడి అందులో మూడో వంతు మాత్రమే. సన్నని ముల్లు వెడల్పు గాడిలో అడుగున దొర్లి బుసనే ఎక్కువగా ఎత్తుతుంది. లావు ముల్లు సన్నని గాడిని చెక్కివేస్తుంది.

పాఠభేదాలవంటివే

సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రచురించేముందు వ్రాతప్రతులను సేకరించి ఒకదానితో ఒకటి పోల్చాడు. ఏ ఒక్క ప్రతీ పూర్తిగా సరియైనది కాదు. అయినా ప్రతి ఒక్కటీ ఏదో ఒక నిజాన్ని దాచుకొని ఉంటుంది. రికార్డులూ అంతే. పై ఉదాహరణలో హిందూపురం రికార్డు గీతల పరీక్షకు నిలిచినదైతే, శ్రుతికి అదే సాక్షి. పెనుకొండ కేసెట్టు వేగం తప్పినది. కాని రికార్డుమీద గీత పడి చెడిన ఒక చరణం అందులో చెడకుండా ఉండవచ్చు. ధర్మవరం కుర్రవాని ప్రతి వినడానికి హాయి. కాని ఉచ్చారణకు దానిని ప్రమాణంగా తీసుకోరాదు. మూడింటినీ కలిపి చూస్తే గాని గాయకుడు పాడినది తెలియదు. వాటిలో ఒకటి పారవేస్తే ఆ సాక్ష్యం అంతటితో పోయినట్లే.

పెనుకొండలోని విజయనగరకాలపు శాసనాలను ఎవరైనా తప్పుగా నకలు తీస్తే, రాయి దగ్గరకు మళ్లీ వెళ్లి దిద్దుకోవచ్చు. పాటకు అట్టి రాయి చాలాసార్లు మిగలదు. ధర్మవరంలో పుట్టి, తెలుగు నాటకంలో పాటకు చోటు కల్పించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో బళ్లారిలో సరస వినోదిని సభను స్థాపించాడు. భారతదేశంలో గ్రామఫోను కంపెనీ తొలి ముద్రణలు 1902లో గాని జరుగలేదు. ఆ నాటకాలు అచ్చులో ఉన్నాయి; ఆ తొలి ప్రదర్శనల గొంతులు మాత్రం ఎంత వెదకినా దొరకవు.

తరువాతి తరం గొంతులు అట్లా కాదు. అవి ఇంకా అటకలమీదా, ట్రంకుపెట్టెలలోనూ ఉన్నాయి. పాత రికార్డు కనబడినప్పుడు దాని చీటీమీది వివరాలు, మాత్రికాసంఖ్య, నిడివి, శ్రుతి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొని, బుసతో సహా ఉన్నది ఉన్నట్లుగా ఒక నకలు తీసి ఉంచాలి. శుభ్రం చేసే పని ఎప్పుడైనా చేసుకోవచ్చు. తుడిచివేసినదాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.