బుస్సీ ఆగిపోయి ఉంటే

మా మిత్రుల్లో ఒకరు విజయనగరం, ఒకరు ఫ్రెంచి కంపెనీ, ఒకరు నిజాం. తీర్పరిని నేను. చరిత్రను ఒక ఏడాది దగ్గర ఆపి, అక్కడి నుంచి ఎవరి రాజ్యాన్ని వాళ్లు నడుపుకోవడమే ఈ ఆట. ఉత్తరాలు రాసుకుంటారు, చాటుగా ఒప్పందాలు చేసుకుంటారు. ఫలితం తీర్పరి చెప్పాలి.

మేం పట్టుకున్నది 1758. అసలు చరిత్రలో ఆ ఏడాది ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ పిలిస్తే, వాళ్ల సేనాని బుస్సీ దక్షిణానికి వెళ్లిపోయాడు. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచి సేనకు నాయకుడిగా కాన్‌ఫ్లాన్స్ మిగిలాడు. విజయనగరం ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువాళ్లను సాయమడిగితే, క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోటా పోయింది.

నన్ను అన్నిటికన్నా పట్టి లాగేది డబ్బు సంగతి. చందుర్తిలో గెలిచాక కూడా, రాజు ఇస్తానన్న సొమ్ము అందక ఫోర్డ్ సేన వారాల తరబడి కదల్లేదు! అందుకే మా ఆటలో ఖజానా లెక్క చూపనిదే ఒక్క సిపాయి కూడా అడుగు వెయ్యడు. ఈసారి ఫ్రెంచి పక్షం బుస్సీని పంపకుండా అట్టిపెట్టుకుంది. విజయనగరం కలకత్తాకు ఉత్తరం రాయడం మానేసి, కప్పం తగ్గించమని బుస్సీతోనే బేరానికి దిగింది. నిజాం పక్షం ఇంకా ఎటూ తేల్చలేదు. సముద్రం మీద ఇంగ్లీషు ఓడలు మాత్రం అలాగే ఉన్నాయి. కోట నిలిచినా, మచిలీపట్నానికి మందుగుండు ఏ దారిన వస్తుందో ఫ్రెంచి ఆటగాడు వచ్చే వంతులో చెప్పాలి.