గుర్రాల మెడ వెన్నుపూసల సంధాన శస్త్రచికిత్స: ప్రయోజనాలు – పరిమితులు

ప్రస్తావన:
గుర్రం తూలుతూ నడుస్తుంటే లోపం కాళ్లలోనే ఉందని భావించడం సహజం. అయితే అనేక సందర్భాల్లో అసలు కారణం మెడలో ఉంటుంది. మెడ వెన్నుపూసల లోపలి మార్గం ఇరుకై వెన్నుపాము నొక్కుకుపోవడం వల్ల కాళ్లపై అదుపు తప్పుతుంది. పశువైద్యులు దీనిని ‘వాబ్లర్ సిండ్రోమ్’ అని వ్యవహరిస్తారు. దీనికి చేసే శస్త్రచికిత్స ఏమి సాధించగలదో, ఏమి సాధించలేదో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

వ్యాధి స్వభావం:
ఇది ప్రధానంగా రెండు విధాలు. ఎదిగే గుర్రాల్లో మెడ కదలికను బట్టి ఒత్తిడి కలుగుతుంది. ఇది ఎక్కువగా 3–4, 4–5 వెన్నుపూసల మధ్య కనిపిస్తుంది. వయసు మీరిన గుర్రాల్లో కీళ్లు అరిగి, వాటి చుట్టూ ఎముక పెరగడం వల్ల మెడ ఏ భంగిమలో ఉన్నా ఒత్తిడి కొనసాగుతుంది. ఇది 5–6, 6–7 వెన్నుపూసల వద్ద అధికం. ఎక్స్-రే చిత్రం అనుమానానికి ఆధారమిస్తే, మైలోగ్రఫీ ఒత్తిడి ఉన్న స్థానాన్ని చూపుతుంది.

శస్త్రచికిత్సా విధానం:
రాల్ఫ్ క్లోవార్డ్ 1950లలో మనుషుల మెడకు రూపొందించిన పద్ధతిని, 1970లలో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పశువైద్యులు గుర్రాలకు అన్వయించారు. గుర్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, గొంతువైపు నుంచి కోసి, శ్వాసనాళాన్ని పక్కకు తప్పించి, రెండు వెన్నుపూసల నడుమ రంధ్రం తొలుస్తారు. అందులో జార్జ్ బాగ్బీ రూపొందించిన, రంధ్రాలున్న ఉక్కు గొట్టాన్ని అమరుస్తారు. ఆ రంధ్రాల గుండా ఎముక పెరిగి రెండు పూసలూ ఒకటవుతాయి. కదలిక ఆగిపోవడంతో కీళ్ల చుట్టూ పెరిగిన ఎముక సైతం కొన్ని నెలల్లో క్రమంగా తగ్గుతుంది. గుర్రాల్లో ఫలించిన ఈ గొట్టమే తరువాత మనుషుల వెన్నెముక చికిత్సలో వాడే పరికరాలకు మూలమైంది.

పరిమితులు:
ఈ చికిత్స ఒత్తిడిని తొలగించగలదు కాని, నశించిన నాడీకణాలను తిరిగి సృష్టించలేదు. అందువల్ల వ్యాధిని ఎంత త్వరగా గుర్తిస్తే ఫలితం అంత మెరుగు. నడక లోపాన్ని 0 నుంచి 5 వరకు కొలిచే శ్రేణిలో సాధారణంగా ఒకటి రెండు స్థాయిల మెరుగుదల కనిపిస్తుంది. మత్తు నుంచి లేచేటప్పుడు పడిపోవడం, వెన్నుపూస విరగడం, స్వరపేటిక నరం దెబ్బతినడం ఇందులోని ప్రమాదాలు. 1977లో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సియాటిల్ స్లూకు 2000లో ఈ చికిత్స చేయగా, అది తిరిగి సంతానోత్పత్తికి ఉపయోగపడింది. అయినా 2002లో మరోసారి శస్త్రచికిత్స అవసరమైంది. ఆ ఏడాది మే నెలలో అది మరణించింది.

ముగింపు:
కోలుకున్న గుర్రంపై స్వారీ చేయవచ్చా అన్న ప్రశ్న ఒక్క గుర్రానికే పరిమితం కాదు. కొద్దిపాటి తూలుడు మిగిలినా రౌతు ప్రాణానికి ముప్పు తప్పదు. కాబట్టి నెలల తరబడి విశ్రాంతి, క్రమమైన వ్యాయామం, నాడీ పరీక్ష పూర్తయ్యాకే ఆ నిర్ణయం తీసుకోవడం సముచితం.