గగనయానమున గడ్డకట్టు నెత్తురు: అపోహలు – వాస్తవములు

అమెరికాలోని కుమారుని యింటికో, కుమార్తె పురిటికో తొలిసారి పయనమగు తల్లిదండ్రులకు, అంతకు ముందే పోయివచ్చిన యిరుగుపొరుగువారు ఆవకాయను ఏ పెట్టెలో సర్దవలెనో చెప్పుచు, ఆ నోటితోనే, విమానములో కాళ్లయందు నెత్తురు గడ్డకట్టుననియు, అది పైకెక్కి ప్రాణము తీయుననియు, ఎక్కబోవు ముందొక ఆస్పిరిన్ మాత్ర మింగినచో భయమేమియు లేదనియు గూడ చెప్పి పంపుచుందురు. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. అయితే సత్యముతోపాటు అసత్యమును అదే మూటలో కట్టియిచ్చుటవలన, భయపడవలసినవారు ధైర్యముగను, ధైర్యముగ నుండదగినవారు భయముతోను ప్రయాణము చేయుచున్నారు.

అపోహలలో మొదటిది, ఇది విమానమువలన పుట్టిన వ్యాధి యనుట. 1940లో జర్మను విమానములు లండను నగరముపై బాంబులు కురిపించుచున్న దినములలో, రాత్రులెల్ల నేలమాళిగలలో మడత కుర్చీలపై కూర్చుండి తెల్లవారుచుండిన జనులలో కొందరు, ఏ బాంబును తాకకయే హఠాత్తుగ మరణించుటను కీత్ సింప్సన్ అను శవపరీక్షా నిపుణుడు గమనించి, కాలి సిరలలో పేరుకొన్న రక్తపుగడ్డ యూపిరితిత్తులకు చేరుటయే అందుకు కారణమని ఆ సంవత్సరమే ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించెను. ఆ కుర్చీల ముందంచు తొడల వెనుకభాగమును గంటల తరబడి నొక్కి యుంచుటయే ఆ మరణములకు మూలము. తరువాత 1954లో జాన్ హోమన్స్ అను అమెరికా శస్త్రవైద్యుడు వ్రాసిన వ్యాసమున విమానయాత్రికులతోపాటు, మోటారుకారులో దూరము పోయినవారును, నాటకశాలలో చాలసేపు కూర్చున్నవారును గలరు. కావున దోషము ఎగురుటలో లేదు, కదలక కూర్చుండుటలో కలదు. హైదరాబాదు నుండి రాత్రి బస్సులో బెంగుళూరునకు కూర్చుండి పోవువారికిని ఈ మాట వర్తించును గాని, బస్సునుగూర్చి ఈ హెచ్చరికను మనకు ఎవరును చేయరు.

విమానములోని గాలిపీడనమును నిందించువారు కూడ ఉన్నారు. ఆకాశమున నున్నప్పుడు లోపలి పీడనము సుమారు 6,000 నుండి 8,000 అడుగుల యెత్తుగల కొండపై నున్నట్లుండును. 2006లో ఆరోగ్యవంతులను అట్టి పీడనముగల గదిలో నుంచి చేసిన పరీక్షయందు నెత్తురు గడ్డకట్టు స్వభావము హెచ్చినట్లు కనబడలేదు. జన్మతః గడ్డకట్టు గుణము గలవారిలోను, గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలలోను విమానయానము కొంత ప్రభావము చూపవచ్చునని వేరొక పరిశోధన సూచించినది. ఏమైనను ప్రధాన దోషి అది కాదు.

గుండె పంపిన నెత్తురు పాదములకు దిగుట సులభము. తిరిగి పైకెక్కుటయే కష్టము. ఆ పనిని చాలవరకు నిర్వహించునది పిక్క కండరము. అది బిగిసినపుడెల్ల తన నడుమ నున్న లోతు సిరలను పిండి నెత్తురును పైకి తోయును. తోసినది మరల క్రిందికి జారకుండ సిరలలోని కవాటములు మూసికొనును. బావిపై ఏతమును తొక్కు మనిషి ఆగినచో నీరెట్లు పైకి రాదో, పిక్క కదలనిచో నెత్తురును అట్లే మందగించును. ప్రవాహము మందగించుట, సిరగోడకు దెబ్బ తగులుట, నెత్తురునకే గడ్డకట్టు గుణము హెచ్చుట అను మూడు కారణములను 19వ శతాబ్దికి చెందిన జర్మను శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో పేరిట వైద్యులు నేటికిని చెప్పుకొందురు. ప్రయాణము మొదటిదానిని మాత్రమే కలిగించును. మిగిలిన రెండింటిలో నేదియైనను మనము ఇంటినుండి వెంట తీసికొనిపోయినప్పుడే చిక్కు ముదురును.

ఇక అపాయపు పరిమాణమునుగూర్చి. 4 గంటలు గాని అంతకు మించి గాని కదలక చేయు ప్రయాణము ఈ ప్రమాదమును సుమారు రెండింతలు చేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించినది. రెండింతలన్న మాట విని గుండె జారవలసిన పని లేదు. ఆ రెండింతలైన పిమ్మట కూడ అది సుమారు 6,000 మందిలో ఒకరికి సంభవించునదియే. పారిసు విమానాశ్రయమున దిగినవారినిగూర్చి 2001లో ప్రకటింపబడిన పరిశీలనలో, 10,000 కిలోమీటర్లకు మించి ప్రయాణించిన పదిలక్షల మందిలో ఐదుగురికన్న తక్కువమందికే గడ్డ యూపిరితిత్తులకు చేరి తీవ్రస్థితి కలిగినది. కాని ఈ ఒక్కరు, ఈ ఐదుగురు ఎవరన్నదియే ప్రశ్న. మునుపెన్నడైన కాలిలో గడ్డ ఏర్పడినవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, క్యాన్సరు రోగులు, గర్భిణులు, బాలింతలు, ఈస్ట్రోజెన్ గల మాత్రలు వాడు స్త్రీలు, స్థూలకాయులు, వృద్ధులు: వీరికి సగటు లెక్క చెల్లదు. పొడగరులకును, కాళ్లు నేలకానని పొట్టివారికిని సైతము అపాయము కొంత హెచ్చు. ఇది వయసు మళ్లినవారి జబ్బని యువతులు ఏమరి యుండరాదు. 2000 సంవత్సరమున సిడ్నీ నుండి లండనుకు చేరిన వెంటనే మరణించి లోకము దృష్టిని దీనిపైకి త్రిప్పిన ఒక యువతి వయస్సు 28 ఏండ్లు.

“బిజినెస్ క్లాసులో పోయినచో ఈ బాధ లేదు” అను మాట టికెట్ల వెలను సమర్థించుకొనుటకు పనికివచ్చును గాని వైద్యమునకు పనికిరాదు. ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అని 1970ల నుండి వ్యాపించిన పేరే ఈ అపోహకు తల్లి. తరగతిని బట్టి అపాయము మారునని నిశ్చయముగ చెప్పదగిన సాక్ష్యము లేదు. విశాలమైన ఆసనమున కాళ్లు చాచుకొని పది గంటలు కదలక నిద్రించినవానికి ఆ విశాలత్వము చేసిన మేలేమి? కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి మాత్రము నడవ ప్రక్క వారికన్న అపాయము హెచ్చని కొన్ని పరిశీలనలు తెలుపుచున్నవి. కిటికీలో విషమేమియు లేదు, అచటినుండి లేచుట కష్టము.

ఈ లేచుట కష్టమన్న చోటనే మనవారి విషయము ప్రత్యేకముగ చెప్పుకొనవలసి యున్నది. హైదరాబాదు నుండి దుబాయికి సుమారు 4 గంటలు, అచట కొన్ని గంటల నిరీక్షణ, అటుపై డల్లాసునకో శాన్‌ఫ్రాన్సిస్కోకో దాదాపు 16 గంటలు. ఇందులో పెద్దవారు, ముఖ్యముగ స్త్రీలు, ప్రక్కనున్న దొరను లేపుట మర్యాద కాదని, ఆ యిరుకు మరుగుదొడ్డి తలుపెట్లు తెరచుకొనునో తెలియదని, అందుచేత అసలు నీరే త్రాగకున్న ఏ బాధయు లేదని నిశ్చయించుకొని, ఎక్కినచోటనే ముడుచుకొని కూర్చుందురు. నడవగలవారు సైతము దారి తెలియదను జంకుతో విమానాశ్రయమున వీల్‌ఛైరు కోరుటచే, రెండు విమానముల నడుమ లభించు నడక కూడ పోవును. వీల్‌ఛైరు కోరుట తప్పు కాదు, భాష రానివారికి అది చేయూతయే. కాని తోయువాడు గేటు వద్ద దింపి వెళ్లిన తరువాత, విమానము పిలుచువరకు ఆ వరండాలో నాలుగు మారులు అటునిటు నడచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. నా మట్టుకు, ఈ వ్యాధికి మనలో గల ప్రధాన కారణములలో మొహమాటమును గూడ వైద్యులు చేర్చదగుననియే తోచును.

నీటి మాట వచ్చినది గనుక: నీరు దండిగ త్రాగినచో నెత్తురు పలుచబడి గడ్డ కట్టదని చెప్పుదురు. నీటి కొరతయే ఈ గడ్డలకు కారణమనుటకు గట్టి నిదర్శనము లభింపలేదు. అయినను నీరు త్రాగుడని చెప్పక తప్పదు, ఏలయన త్రాగినవాడు రెండు మూడు గంటలకొకసారి లేచును. ఆ లేచుటయే లాభము. మద్యమును, నిద్రమాత్రయు చేయు కీడు కూడ ఇట్టిదే. అవి మనిషిని ఒకే భంగిమలో పడవేయును.

ఆస్పిరిన్ మాటయు తేల్చవలెను. అది ప్రధానముగ ధమనులలో, అనగా గుండెపోటు పక్షవాతములకు కారణమగు గడ్డల విషయమున ఉపకరించు మందు. సిరలలోని గడ్డను నివారించుటకై ప్రయాణికులు దీనిని వాడుటను నిపుణుల సంఘములు ప్రోత్సహింపలేదు. కడుపులో పుండు గలవారికి రక్తస్రావము కలిగించు గుణము మాత్రము దానికి నిశ్చయముగ కలదు. గుండెజబ్బునకు డాక్టరు వ్రాసి యిచ్చినదైనచో ఎప్పటివలెనే వాడుకొనవలెను. అపాయము మిక్కుటముగ గలవారికి వేరు మందులు, సూదిమందులు కలవు. వానిని నిర్ణయించువాడు వైద్యుడు, పొరుగింటి పెద్దమనిషి కాడు.

కదలుట యనగా నడవలో పచార్లు చేయుటయే యనుకొని, బెల్టు దీపము వెలుగుచున్నప్పుడు గూడ లేచువారు కొందరు. విమానము కుదుపులలో పడినప్పుడు నిలుచుండినవారికి తల పగులుట ఈ గడ్డకన్న సమీపమైన ప్రమాదము. పిక్కకు నడకయే కావలెనని లేదు, బిగియుట చాలును. మడమలను నేల కానించి మునివేళ్లను పైకెత్తి, పిమ్మట మునివేళ్లను నేలకదిమి మడమలనెత్తవలెను. అరచేతిని పిక్కపై నుంచి చూచినచో మడమ లేచిన ప్రతిసారి కండ గట్టిపడుటయు, దిగగానే వదులగుటయు తెలియును. అది తెలియకున్న వేళ్లను మాత్రమే ఆడించుచున్నామని అర్థము. అరగంట కొకమారు ఒక పాతిక పర్యాయములు చేసినను మంచిదే. ఇందుకు ముందు సీటు క్రింద పాదములకు చోటుండవలెను. పచ్చళ్ల సంచిని అచట దూర్చి, కాళ్లను వెనుకకు మడచుకొను అలవాటు మానవలెను. ఈ వ్యాయామమే గడ్డలను నివారించినదని పెద్ద పరిశోధన ఏదియు రుజువు చేయలేదు. కాని శరీరధర్మమునకు ఇది అనుగుణము, ఖర్చు లేనిది, కీడు చేయనిది, అందుచేతనే వైద్యసంఘములు దీనిని సూచించుచున్నవి. రుజువు మెరుగుగ నున్నది మోకాలి క్రిందివరకు వచ్చు ఒత్తిడి మేజోళ్లకు. చీలమండ వద్ద ఎక్కువగను, పైకి పోవుకొలది తక్కువగను నొక్కునట్లు నేసిన వీనిని కొలత ప్రకారము కొనవలెను; ఇంటిలోని క్రేపు పట్టీని బిగియ చుట్టుట వీనికి ప్రత్యామ్నాయము కాదు.

దిగిన తరువాత రెండు పాదములును ఉబ్బి చెప్పులు పట్టకపోవుట చూచి కలత పడువారు అనేకులు. సమముగ ఉబ్బి ఒకటి రెండు దినములలో తగ్గునది చాలవరకు నిరపాయమే. ఒక్క కాలు మాత్రమే ఉబ్బి, పిక్క నొప్పిగ, వెచ్చగ, ఎఱ్ఱగ నుండుట వేరు. ఇది విమానములోనే కనబడవలెనని లేదు. దిగిన వారము, రెండు వారముల పిమ్మటను, కొన్ని పర్యాయములు అంతకన్న ఆలస్యముగను బయటపడును. అప్పటికి ప్రయాణము సంగతి ఎవరికిని గుర్తుండదు. “పిక్క పట్టేసినది” అని వేడి నూనె రాసి గట్టిగ మర్దన చేయుదురు. అనుమానమున్న కాలిని మర్దించరాదు, గడ్డ కదలి పైకి పోవచ్చును. హఠాత్తుగ ఆయాసము, ఊపిరి పీల్చినపుడు ఎదలో పోటు, దగ్గులో నెత్తురు, స్పృహ తప్పుట కలిగినచో మరుక్షణమే అత్యవసర చికిత్సకు పోవలెను. అమెరికా ఆసుపత్రి బిల్లునకు జడిసి, పిల్లలకు భారమగుదుమని నొప్పిని దాచుకొను పెద్దలు మన యిండ్లలో అరుదు కారు. ప్రయాణ బీమా చీటీ ఎచట నున్నదో కుమారునికి ముందుగనే తెలిసియుండుట మేలు. వైద్యునితో మొదట చెప్పవలసిన మాట, ఏ తేదీన ఎన్ని గంటలు ప్రయాణించితిమన్నది. కాలిసిరలను డాప్లర్ యంత్రముతో చూచుట నొప్పిలేని పరీక్ష. గడ్డ తేలినచో సాధారణముగ మూడు నెలలకు తగ్గకుండ మందు వాడవలసి యుండును. కావున తిరుగు టికెట్టు తేదీని ఆ వైద్యునితో సంప్రదించియే ఖాయపరచుకొనవలెను.